ఎగువ ఇంటి నీరు, దిగువ ఇంటి కన్నీరు



పోయిన వానకాలములో మా సంఘములోని ఒక రైతు సహోదరుడు మమ్మల్ని హైదరాబాదుకు వెంటబెట్టుకొని వెళ్ళారు. రోడ్డు పక్కన ఉన్న రెండెకరాలు అమ్మి, ఆ డబ్బుతో తార్నాకలో 80 గజాల పాత ఇల్లు ఒకటి కొనాలని వారి ఆలోచన. కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుతున్నాడు. చదువు ముగిసినా పట్నములోనే ఉంటాడు కాబట్టి నెలనెలా అద్దె కట్టేకన్న సొంత గూడు ఉంటే మేలనుకొన్నారు. అప్పటికే లక్ష రూపాయలు బయానా ఇచ్చేశారు. "అయ్యగారూ, మీరొక్కసారి ఇల్లు చూసి ప్రార్థన చేయండి, మిగిలిన పైసలు కట్టేస్తం" అని అడిగితే కాదనలేకపోయాము.

భువనగిరి వైపు నుండి బస్సులో బయలుదేరి, ఉప్పల్, హబ్సిగూడ మీదుగా తార్నాకలో దిగాము. ఇల్లుగలవారు సాయంత్రము గాని రారని తెలిసి, పిల్లవాడు మమ్మల్ని విశ్వవిద్యాలయము చూడటానికి తీసుకొని వెళ్ళాడు. ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద ఉండగానే వాన అందుకొన్నది. కురిసింది ముప్పావు గంట మాత్రమే. వాన వెలిసిన తరువాత తార్నాక వైపు దిగుతుంటే ఎర్రని నీరు మాకంటే ముందు పరుగెత్తుతున్నది. ఒక పల్లపు వీధిలోకి వచ్చేసరికి నీరు మోకాళ్ళ దాకా ఉన్నది. ఒక తల్లి బడినుండి వస్తున్న బిడ్డను చంకన ఎత్తుకొని, గోడ పట్టుకొని, అడుగులో అడుగు వేసుకొంటూ నడుస్తున్నది. మూత తెరిచిన గుంత ఎక్కడ ఉన్నదో ఆమెకు తెలియదు.

మా సహోదరుడు పంచె పైకి కట్టుకొని కాసేపు అటూ ఇటూ చూశారు. "అయ్యగారూ, ఇన్ని నీళ్ళు వస్తున్నయి గదా, వీటికి అలుగు ఏడున్నది?" అని అడిగారు.

పట్నములో అలుగేమిటని పిల్లవాడు నవ్వాడు. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసికొనుటకు చేసిన ప్రయత్నమే ఈ వ్యాసము.

మెరక మీది చదువుల తోట

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ప్రారంభమైంది. దానికి శాశ్వతమైన చోటుగా అడిక్‌మెట్ మెరకను ఎన్నుకొన్నారు. నగర నిర్మాణములో పేరుపొందిన పాట్రిక్ గెడ్డెస్ సలహా కూడా ఆనాడు తీసుకొన్నారు. ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో పునాది వేసి, 1939లో ప్రారంభించారు. ఈ నేలలు ఒకప్పుడు మహ్ లఖా బాయి అనే కవయిత్రికి చెందిన జాగీరని, తోటకు తీగ కంచె వేసి, కాపలా నాకా పెట్టినందున ఆ చోటికి 'తార్ నాకా' అని పేరు వచ్చినదని పెద్దలు చెబుతారు. ఆమె పేరుతో పిలిచే పాత మెట్లబావి ఈనాటికీ అక్కడ ఉన్నది.

తోట, బావి, మెరక అనే మూడు మాటలు విన్న పల్లెవాసికి సంగతి సగము అర్థమవుతుంది. మెరక మీద పడిన వానను తోట పీల్చుకొన్నది. మిగిలినది బావిలోకి ఊరింది. ఇంకా మిగిలినది పల్లానికి జారి కుంటలలో నిలిచింది. కుంట నిండితే అలుగు దూకి కింది కుంటకు, అక్కడినుండి మూసీ నదికి చేరింది. మెరకకు దక్షిణాన అంబర్‌పేట, తూర్పున హబ్సిగూడ, రామంతాపూర్ పల్లములో ఉన్నాయి. వాటన్నిటికీ కింద మూసీ ప్రవహిస్తున్నది. నల్లకుంట, బతుకమ్మకుంట అనే పేర్లు ఊరికే రాలేదు. కుంటలు మాయమైనా పేర్లు సాక్ష్యమిస్తున్నాయి.

ఒక చిన్న లెక్క చూడండి. ఎకరము నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 40,000 లీటర్ల నీరు. అది దుక్కి దున్నిన చేను అయితే చాలా భాగము భూమిలోకి ఇంకుతుంది. అదే నేల మీద స్లాబులు, సిమెంటు రోడ్లు, బండలు పరిస్తే ఇంకే చోటు లేదు, వచ్చినది వచ్చినట్టే పరుగెత్తుతుంది. 200 గజాల స్థలమంతా సిమెంటు వేసి ఉన్నదనుకోండి. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 16,000 లీటర్లకు పైగా నీరు వీధిలోకి వస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు తెచ్చి పొరుగువాని గుమ్మము ముందు ఒంపినట్టే. అటువంటి ఇళ్ళు వంద ఉన్న వీధి ఎట్లుంటుందో ఆలోచించండి.

నూరేళ్ళు దాటిన పాఠము

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. నిజాము ప్రభుత్వము పిలుపు మీద 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చి కారణాలు పరిశీలించారు. హైదరాబాదుకు ఎగువ పరీవాహక ప్రాంతములో 788 చెరువులుండగా వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయని వారు గుర్తించారు. ఒక చెరువు తెగితే దాని నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఊరి మీద పడినది వాన ఒక్కటే కాదు, తెగిన చెరువులన్నీ కలిసి పడ్డాయి.

వారి సలహా మీదనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగరానికి భూగర్భ మురుగు కాలువల ఏర్పాటును కూడా వారే రూపొందించారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఆ విధముగా మన ప్రాంతములో వాన నీటికి దారి చూపటము ప్రభుత్వ బాధ్యతగా స్థిరపడినది పదిహేను వేల ప్రాణాలు పోయిన తరువాతనే.

ఆ పాఠము మరచిపోవటానికి నూరేళ్ళు పట్టలేదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడి నగరము మునిగింది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు కురిసింది. అప్పుడు రామంతాపూర్ పెద్ద చెరువు పొంగి హబ్సిగూడ 8వ నంబరు వీధి, రవీంద్రనగర్ రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఇవి తార్నాకకు కూతవేటు దూరమే. అదే సంవత్సరము సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిలు మీద వెళ్ళిన పన్నెండేళ్ళ బాలిక తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. 2025 సెప్టెంబరు చివరలో ఎగువ గేట్లు ఎత్తగా మూసీ నీరు మనమందరము దిగే మహాత్మాగాంధీ బస్టాండులోకి వచ్చింది.

నియమాలు లేవా?

ఉన్నాయి. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కొరకు వాల్టా చట్టము వచ్చింది. 2012 ఏప్రిల్‌లో వెలువడిన భవన నిర్మాణ నియమాలు నీటికి ఎంత చోటు విడువవలెనో అడుగులతో సహా చెప్పాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దునుండి 30 మీటర్ల లోపల ఇల్లు కట్టరాదు. అంతకు చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు విడువవలెను. పది మీటర్ల కన్న వెడల్పైన వాగు, నాలా అయితే 9 మీటర్లు, అంతకు సన్నని నాలా అయితే 2 మీటర్లు వదలాలి. ఇక్కడ చెరువు హద్దు అంటే ఎండాకాలములో నీరున్నంత మేర కాదు. చెరువు అలుగు పారేటంత నిండినప్పుడు నీరు ఎక్కడి దాకా నిలుస్తుందో అదే హద్దు. దానినే ఎఫ్‌టీఎల్ అంటున్నారు. మన పల్లెలో శిఖం భూమి అంటే అందరికీ తెలుసు. చెరువు వెనక్కి తగ్గినప్పుడు అక్కడ దోసకాయలో, పుచ్చకాయలో వేసుకొంటారు గాని ఇల్లు ఎవరూ కట్టరు.

మరి నగరములో ఎందుకు కట్టారు? మాకు మూడు కారణాలు కనబడుతున్నాయి.

మొదటిది, భూమి ధర. కుంటకు మూడు నాలుగేళ్ళు నీరు రాకపోతే దానిని చదును చేసి, రాళ్ళు పాతి, గజాల లెక్కన అమ్మేవారు సిద్ధముగా ఉంటారు. జంట జలాశయాల పరిసరాలలో 84 గ్రామాలకు 1996లో విధించిన ఆంక్షలను సైతము 2022లో తొలగిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. భూమి ధరకు అంత బలము ఉన్నది.

రెండవది, పని పంచుకొన్న కార్యాలయాలు ఎక్కువ. ఇంటికి అనుమతి, వాన నీటి కాలువ నగరపాలక సంస్థ చూస్తుంది. మురుగునీరు జలమండలి పని. చెరువు నీటిపారుదల శాఖది, దాని కింది భూమి రెవెన్యూ శాఖది. వాన నీటి కాలువ మూసుకుపోయినప్పుడు జనము మురుగు మూత ఎత్తి నీటిని అందులోకి వదులుతారు. ఆ పైపు వాన నీటి కొరకు వేసినది కాదు. అది నిండి, పల్లములోని ఇంటి స్నానపు గదిలోంచి పైకి తన్నుతుంది. అప్పుడు ఆ ఇంటివారు ఏ తలుపు తట్టాలి?

మూడవది, అనుమతి లేకుండా ముందు కట్టి, తరువాత జరిమానా కట్టి సరిచేసికోవచ్చుననే ధైర్యము. క్రమబద్ధీకరణ పథకాలు పలుమార్లు వచ్చాయి. అయితే చెరువు ఎఫ్‌టీఎల్‌లోని ప్లాట్లకు ఆ సదుపాయము లేదని చాలమంది కొన్న తరువాతనే తెలిసికొన్నారు.

ఇటీవల కొంత కదలిక వచ్చింది. 2021లో నాలాల అభివృద్ధికి దాదాపు 985 కోట్ల రూపాయలతో మొదటి దశ పనులు చేపట్టారు. 2024 జులైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడి చెరువులలోని కట్టడాలను కూల్చింది. కూల్చివేతలు చూసినప్పుడు మా మనస్సు రెండు విధాలుగా కొట్టుకొన్నది. చెరువు బాగుపడాలి, నిజమే. కాని తెలియక కొని, అప్పుచేసి కట్టుకొన్న పేదవాని గోడ పడిపోయినప్పుడు అతనికి అమ్మినవాడు ఎక్కడున్నాడు? అనుమతి ముద్ర వేసినవాడు ఎక్కడున్నాడు? నియమము ఆరంభములోనే నిలబడితే అది కాపాడుతుంది. అందరూ కట్టుకొన్న తరువాత వస్తే శిక్షగానే వస్తుంది.

మంచి సంగతి కూడా చెప్పాలి. విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే అంబర్‌పేటలో బతుకమ్మకుంట ఉన్నది. పాత రికార్డులలో పద్నాలుగు ఎకరాలకు పైగా ఉన్న కుంట చెత్త, మట్టి నిండి ముళ్ళపొదలైంది. 2025లో మిగిలిన ఐదెకరాలలో తవ్వకము మొదలుపెట్టగానే లోపలినుండి నీరు ఉబికింది. ఆ సెప్టెంబరులో దానిని ప్రజలకు తెరిచారు. ఎన్నో ఏళ్ళు పూడ్చిపెట్టినా నీరు తన చోటు మరచిపోలేదు.

సున్నము కింది చార

సాయంత్రము ఇల్లు చూడటానికి వెళ్ళాము. బయటికి చక్కగానే ఉన్నది. అమ్మేవారు కాగితాలన్నీ ముందు పెట్టారు. రిజిస్ట్రేషను, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, అన్నీ సరిగానే కనబడ్డాయి. మేము ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతుండగా మా సహోదరుడు గోడ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. లోపలి గోడలకు నడుము ఎత్తు వరకే కొత్త రంగు ఉన్నది, పైన పాతదే. ఆయన గోరుతో గీకి చూశారు. రంగు పొరలాగా లేచి, కింద మట్టి చార బయటపడింది.

తరువాత పెరటిలోకి వెళ్ళారు. అక్కడ నాలుగు బండలు పరచి ఉన్నాయి. వంగి చెవి పెట్టి, "అయ్యగారూ, కింద నీళ్ళు పోతున్నయి" అన్నారు. నిజమే, ఆ పెరడు సన్నని నాలా మీద పరచిన పైకప్పు. రెండు మీటర్లు విడువవలసిన చోట రెండు అంగుళాలు కూడా విడువలేదు. పక్కింటి అమ్మను అడిగితే, 2020లో మంచాలు తేలాయని చెప్పింది.

బయానా తిరిగి రాలేదు. అడిగితే ఒప్పందము చూపించారు. లక్ష రూపాయలంటే ఆ కుటుంబానికి ఒక పంట కష్టము. తిరుగు బస్సులో పిల్లవాడు మాట్లాడలేదు. తండ్రి మాత్రము, "లక్షతోనే పోయింది బిడ్డా. మనం అందులో ఉండగా నీళ్ళు వస్తే ఏం పోయేదో" అన్నారు.

మా ఆవరణలో ఏమి చేశాము?

ఇంతవరకు ఇతరుల తప్పులు రాశాము. ఇప్పుడు మా తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితము మా మందిర ఆవరణలో బురద అవుతున్నదని, మేమే ముందుండి రెండడుగుల ఎత్తు మొరము పోయించి, పైన సిమెంటు వేయించి, చుట్టూ ప్రహరీ కట్టించాము. అందరూ మెచ్చుకొన్నారు. తరువాతి వానకాలములో మందిరానికి పల్లము వైపున ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలి ఇంటిలోకి నీరు వచ్చింది. ఆమె మా సంఘస్థురాలు కాదు. రెండుసార్లు వచ్చి చెప్పింది. "అమ్మా, వాన దేవుడిచ్చేది, మేమేం చేస్తాం" అన్నాము. ఆ మాట తలచుకొంటే ఈ రోజు సిగ్గుగా ఉన్నది. వాన దేవుడిచ్చినదే గాని, దానిని ఆమె ఇంటికి తిప్పినది మేము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక ఇంటి నియమము ఉన్నది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఇంటి మీదికి వస్తుంది. ఇల్లు నాది, మిద్దె నాది అన్నందువలన బాధ్యత తప్పదు. రెండు మీటర్ల నాలా నియమము కూడా మాకు ఇప్పుడు అటువంటి పిట్టగోడలాగానే కనబడుతున్నది. అది కార్యాలయమువారు పెట్టిన చికాకు కాదు, పల్లములో ఉన్న పొరుగువాని హక్కు.

తార్నాకనుండి వచ్చిన తరువాత సంఘ పెద్దలతో మాట్లాడాము. ప్రహరీ గోడకు పాత కాలువ ఉన్న వైపున సందు విడిచి, నీటిని వీధి కాలువకు మళ్ళించాము. సిమెంటు కొంత మేర పగులగొట్టి ఇంకుడు గుంత తవ్వి, రాళ్ళు, కంకర, ఇసుక నింపాము. మిద్దె నీరంతా అందులోకే వెళుతుంది. మొదటి పెద్ద వానకు మేము గొడుగు వేసుకొని ఆమె ఇంటికి వెళ్ళాము. గడప తడవలేదు. ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు, పీట వేసింది.

కొనే ముందు, కట్టే ముందు

పట్నములో స్థలము కొనాలనుకొనే మన కుటుంబాలు ఈ సంగతులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

1. స్థలమును ఎండాకాలములో గాక వానలో చూడండి. తుంగ మొలిచిన ప్లాటు ఏమి చెబుతున్నదో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

2. అమ్మేవానిని కాదు, పాత కాపురస్థులను అడగండి. 2000లో, 2020లో నీరు ఎంత ఎత్తు వచ్చినదో వారికి తెలుసు.

3. సర్వే నంబరు తీసుకొని పాత పహాణీ, గ్రామ నక్షా చూడండి. శిఖం, కుంట, నాలా అనే మాటలుంటే అక్కడే ఆగండి.

4. హెచ్‌ఎండీఏ చెరువుల పటాలలో ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడున్నదో, ఈనాడు అమలులో ఉన్న దూరము ఎంతో కార్యాలయములో అడిగి తెలిసికొనండి.

5. రిజిస్ట్రేషను, ఇంటి పన్ను, కరెంటు మీటరు ఉన్నంత మాత్రాన కట్టడానికి అనుమతి ఉన్నట్టు కాదు. ఇది చదివిన పిల్లలు కూడా పొరబడే విషయము.

6. మన ఇల్లు, మన మందిరము కట్టేటప్పుడు, మన మిద్దె మీది నీరు ఎవరి గుమ్మానికి పోతుందో ముందే చూడండి.

పల్లెలో ఉన్నవారికి ఇది పట్నపు గొడవ అనిపించవచ్చును. కాని మన చెరువు శిఖంలో కూడా రాళ్ళు పాతుతున్నారు. మన ఒర్రెల మీద కూడా దుకాణాలు లేస్తున్నాయి. తార్నాకలో ఇప్పుడు కోట్లు ఖర్చుపెట్టినా సరిచేయలేనిదానిని, మన ఊరిలో ఈ రోజు నలుగురు పెద్దలు గ్రామసభలో నోరు తెరిస్తే ఆపవచ్చును.

మా రైతు సహోదరుడు ఆ డబ్బుతో ఇంకా ఎక్కడా కొనలేదు. మొన్న ఆరాధన తరువాత ఒకరు పట్నము శివారులో ఏదో కొత్త వెంచరు కాగితము తెచ్చి చూపించారు. రంగురంగుల పటములో రోడ్లున్నాయి, పార్కు ఉన్నది, గుడి ఉన్నది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని అంతా చూసి, కాగితము మడిచి తిరిగి ఇస్తూ అడిగారు:

"అన్నీ ఉన్నయి. అలుగు ఏడున్నది?"